ఎచ్చెర్లలో జావా శూల్యము

శ్రీకాకుళ పట్టణమునకు దక్షిణముగా నాగావళి దాటి, విశాఖపట్టణమునకు పోవు రాజమార్గమున కొలది దూరము వచ్చిన పిమ్మట ఎచ్చెర్ల యను నూరు గలదు. ప్రయాణికులలో పెక్కుమంది దీనిని బస్సు కిటికీనుండి చూచి దాటిపోవుదురు. అరసవల్లి సూర్యదేవునివంటి ప్రసిద్ధ దైవ మిచ్చట లేడు. శ్రీకూర్మమువంటి పుణ్యక్షేత్రమును గాదు. 2008వ సంవత్సరమున డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేర నొక విశ్వవిద్యాలయ మిచ్చట వెలసినది. చెంతనే షేర్ మహమ్మదుపురమున సాంకేతిక విద్యాలయ మొకటి గలదు. కావున ఉదయ సాయంకాలములందు పుస్తకములు చేతబట్టిన బాలబాలికలతో మార్గము కలకలలాడుచుండును. కొంచెము లోపలికి పోయినచో పొందూరు. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడతో ప్రత్తి దువ్వి వడకు సన్నని నూలు దేశమంతట పేరు గన్నది. తూర్పున సముద్రము. బుడగట్లపాలెము మొదలగు పల్లెలలో ఇసుకపై పడవలును, వాని నీడను వల లల్లుకొను వృద్ధులును గానవత్తురు. సరుగుడు తోటలు, కొబ్బరి చెట్లు, జీడిమామిడులు, వరిచేలు, మెట్టలందు వేరుసెనగ: ఇది యీ సీమ స్వరూపము.

మావారు ఈ ప్రాంతపు పాఠశాల యొకదానిలో ఉపాధ్యాయులగుటచే మే మిచ్చట కాపురము పెట్టి పదునొకం డేండ్లయినది. యాత్రావ్యాసములలో గుడులును, గోపురములును, కొండలును వర్ణింపబడుట సోదరీమణులు చూచియే యుందురు. మేము మాత్ర మీ మారు ఒక వంటను గూర్చి వ్రాయదలచితిమి. అయినను ఇదియు యాత్రావ్యాసమే. ఏలయన నీ వంట సముద్రముమీద పోయినది, సముద్రముమీదనే తిరిగి వచ్చినది. దానివెంట మా యూరి యాడువా రొకరి జీవితమంతయు నడచినది.

మా వీథి చివరింట నెనుబదవ యేటికి సమీపించుచున్న వృద్ధురా లొకరు గలరు. ఊరివారందఱును ఆమెను పెద్దమ్మ యనియే పిలుతురు. మేమును అట్లే పిలుతుము. ఆమె పుట్టినది మన దేశమున గాదు. మలయాలోని పేరా రాష్ట్రమున, బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలలో. ఆమె తండ్రి ఈ సీమవాడే. ఆ కాలమున మద్రాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది తెలుగువారు ఓడలెక్కి కొందఱు బర్మాకును, కొందఱు మలయాకును కూలికై పోయిరి. (శ్రీకాకుళము ప్రత్యేకముగా జిల్లాయైనది 1950లోనే, అంతకుమున్ను ఇది విశాఖపట్టణ మండలములోనిదే.) మలయాకు కూలీలను చేర్చి పంపుటను భారత ప్రభుత్వము 1938లో నిలిపివైచెను. పెద్దమ్మ తండ్రి యంతకుముందే పోయినవాడు. మలయా 1957లో స్వతంత్రమైనది. ఆ మఱుసటి యేట, తల్లి మరణింపగా, పండ్రెండేండ్ల పెద్దమ్మను వెంటబెట్టుకొని తండ్రి స్వగ్రామము చేరెను. ఆమె యక్క కప్పటికే యచ్చటనే వివాహమై యుండుటచే నామె యచ్చటనే నిలిచిపోయెను. ఓడ కదలునపు డక్క రేవున నిలువబడి కొంగు విసరుట పెద్దమ్మ చూచిన కడపటి చూపు. ఆ పిదప నీ యక్కచెల్లెండ్రు మరల నొకరి నొకరు చూడలేదు.

ఆ తోటలలో తెలుగువారి వరుసయిండ్ల కావల జావాద్వీపమునుండి వచ్చిన కుటుంబములుండెడివట. ఆ ప్రాంతమున జావావారు పెక్కుమంది స్థిరపడిరి. వారిలో నొక యిల్లాలు జీతముల దినమున నిప్పుల కుంపటి ముందిడుకొని, కొబ్బరి యీనెలకు గ్రుచ్చిన మాంసపు తునుకలను కాల్చి యమ్మెడిదట. దానిని వారు సాతే యందురు. వేరుసెనగలతో చేసిన యొక చిక్కని ద్రవమున ముంచుకొని దానిని తినవలెను. పెద్దమ్మ తల్లి ఆ యిల్లాలికి మన చింతపండు పులుసు నేర్పి, యామెవద్ద ఈ సాతేను నేర్చుకొనెను. ఇరువురకును ఉమ్మడి భాష యంతగా లేదు. పొయ్యి యొద్ద కూర్చున్న యాడువారికి భాష యంతగా నక్కఱలేదని పెద్దమ్మ యనును.

మొదటిసారి పెద్దమ్మ యింట నీ వంటకమును జూచినప్పుడు మాకు కలిగిన యాశ్చర్యము వేఱు. ఇది విదేశపు వంట యని యందఱు ననుచుండగా, బాల్యమున మా తండ్రిగారు వల్లె వేయించిన అమరకోశము జ్ఞప్తికి వచ్చినది. ఇనుపచువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మూడు పేరు లందు గలవు. కాళిదాసుని శాకుంతల నాటకము ద్వితీయాంకమున విదూషకుడు మొఱపెట్టుకొను కష్టములలో నొకటి యిదియే గదా! రాజు వేట వెంట దిరుగుచు, వేళగాని వేళల నెక్కువగా శూల్యమాంసమే తినవలసి వచ్చుచున్నదని యాతని బాధ. సుశ్రుతసంహితలో మాంసపాక భేదములను జెప్పుచోట శూల్యము పేర్కొనబడినది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున అన్నభోగ ప్రకరణమందు, మాంసఖండములను గ్రుచ్చి నిప్పులపై కాల్చు విధానము భడిత్రక మను పేర వివరింపబడినది. కావున చువ్వయు, నిప్పును మనకు క్రొత్తవి గావు.

అట్లని సాతే మన శూల్యమే యని గర్వించుట తగదు. చరిత్ర మంత సులభముగ నుండదు. అరబ్బు దేశమునుండియు, హిందూదేశమునుండియు వర్తకమునకై వచ్చిన మహమ్మదీయుల కబాబులను జూచి, 19వ శతాబ్దమున జావా వీథులలో దిరిగి యమ్మువారు ఈ వంటకమును రూపొందించిరని పండితులు పెక్కుర యభిప్రాయము. ఆ కబాబు మన సీమకును వేఱు మార్గమున వచ్చినది. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తానుల ఫౌజుదారు లీ చికాకోలున నుండి యేలిరి. పైన జెప్పిన షేర్ మహమ్మదుపుర మట్టి ఫౌజుదారు పేరనే వెలసినదని యిచ్చటివారు చెప్పుదురు. ఒకే వంట యొక శాఖ చికాకోలు దండులకును, మఱియొక శాఖ జావా వీథులకును జేరుట వింతగాదు. కాని జావావారు దానిని తమదిగా జేసికొన్న తీరే మెచ్చదగినది. పెద్ద ముక్కలను చిన్నవి గావించిరి. ఇనుప చువ్వను విడిచి వెదురు పుల్లను, కొబ్బరి యీనెను గైకొనిరి. పెరటిలోని నిమ్మగడ్డిని, తాటిబెల్లమును జేర్చిరి.

ఇప్పుడా దీవులలో నూరికొక సాతే గలదు. మదురా ద్వీపమువారిది తీపి సోయారసముతోడను, వేరుసెనగతోడను గూడి నల్లగా మెఱయును. సుమత్రాలోని పడాంగు నగరమువారు బియ్యపు పిండితో చిక్కనైన పచ్చని కారపు రసమును పైన బోయుదురు. బలి ద్వీపమువారు చేపను మెత్తగా దంచి, కొబ్బరికోరును, సంబారములును గలిపి, నిమ్మగడ్డి కాడకో, వెదురు పుల్లకో చుట్టి కాల్తురు. మలేషియాలో కజాంగు పట్టణమున కీ వంటవలననే ఖ్యాతి గలిగినది. 1890 మొదలు కూలికై దక్షిణ అమెరికాలోని సురినాముకు పోయిన జావావారు దీని నచ్చటికిని గొనిపోయిరి. కూలి కేగు నాడుది పెట్టె నిండ నగలు గొనిపోలేదు గాని, వంట నెత్తిలో పెట్టుకొని పోగలదు. దానికి సుంకపువా డడ్డుపడడు.

ముంచుకొను రసమున ప్రధానమైన వేరుసెనగ చరిత్ర మింకను చిత్రము. అది జావాలో బుట్టినది గాదు, మన దేశమున బుట్టినదియు గాదు. దాని జన్మభూమి దక్షిణ అమెరికా. మిరపకాయయు అమెరికా ఖండములదే. పోర్చుగీసు, స్పెయిను దేశముల నావికులు వానిని లోకమంతట వెదజల్లిరి. చింతపండును అరబ్బులు హిందూ ఖర్జూర మనిరి. మలయువారు దానినే జావా పులుపు అందురు. ఇరుగుపొరుగువారు దాని నొకరి దొకరిదని చెప్పుకొనుచుండగా, వృక్షశాస్త్రజ్ఞులు దాని పుట్టిల్లు ఆఫ్రికా యని చెప్పుచున్నారు. మలయు భాషలో పంచదారను గులా యందురు. అది మన సంస్కృతపు గుడ శబ్దమే. రుచిని రస యందురు. పెద్దమ్మ నోట నీ మాటలు విన్నప్పుడు, దూరదేశమున నత్తవారింట నున్న యాడుపడుచును జూచినట్లు మాకు తోచినది.

గడచిన సంక్రాంతికి ముక్కనుమనాడు పెద్దమ్మను, ఆమె మనుమలను, మా పిల్లలను వెంటబెట్టుకొని కళింగపట్టణపు సముద్రతీరమునకు బోయితిమి. ముక్కనుమ మా సీమలో మాంసాహారులకు పండుగ గదా. శ్రీకాకుళము దాటి గార మార్గమున బోవునప్పుడు, వంశధార దక్షిణపు టొడ్డున శాలిహుండపు గుట్ట యెదురగును. మెట్లెక్కి పోయినచో ఇటుకలతో గట్టిన బౌద్ధ స్తూపములు, చైత్యములు, విహారముల పునాదులును గానవచ్చును. ఈ స్థలమును 1919లో గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన యా మహనీయుడు, వారు గుర్తించిన గుట్టపై నిలిచి గ్రాంథికమున నాలోచించుచున్న మమ్ము మన్నించును గాక! గుట్టపైనుండి చూడగా వంశధార వంకరలు దిరిగి సముద్రమున గలియుట కన్నుల పండువు. ఆ సంగమముననే కళింగపట్టణము. ఒకప్పు డోడలు వచ్చి పోయిన యా రేవున నేడు దీపస్తంభమును, జాలరి పడవలును మాత్రము మిగిలినవి.

ఈ తీరమునుండి తూర్పు దీవులకు ఓడలు పోయిన వృత్తాంతము బడి పుస్తకములలో నున్నదే. కటకమునందు కార్తిక పూర్ణిమనాడు బాలియాత్ర యను నుత్సవము నేటికిని జరుగును. కాని సోదరీమణులకు మేము చెప్పదలచిన కథ వేఱొకటి. 7వ శతాబ్దమున మధ్యజావాలో నొక రాజ్యముండెను. చీనావారి గ్రంథములందు దాని పేరు హోలింగ్ అని యుండును. అది కళింగ శబ్దమే యని పండితు లూహింతురు. 674 ప్రాంతమున సీమా యను నొక రాణి దాని నేలినది. ఆమె పాలనలో త్రోవలో పడిన సొమ్మును సైత మెవ్వరును ముట్టరని విని, యొక విదేశపు రాజు పరీక్షకై బంగారు సంచి నొకదానిని నడివీథి నుంచెనట. మూడేండ్లు జనులు దానిని తప్పించుకొని నడచిరి. కడ కొకనాడు యువరాజు కాలు దానికి దగిలెను. రాణి కొడుకును వధింపబూనగా, మంత్రులు వేడుకొనిరి. అంత నామె తప్పు చేసినది కాలే గావున కాలివ్రేళ్లు గోయుడని యాజ్ఞాపించెనట. కఠినమైన న్యాయమే, అయినను రాజమాత తన బిడ్డకును, ప్రజల బిడ్డకును భేద మెంచలేదు.

ఆ పేరు పిదప పొందిన గతి వినిన మనసు కలుక్కుమనును. కళింగ శబ్దమునుండియే మలయు భాషలో కెలింగ్ అను మాట వచ్చినది. మొదట నది మన దేశపు వర్తకులకు గౌరవముగల పేరే. కూలీలు వచ్చిన పిదప నది హీనముగా బిలుచు మాటయై, నేడు నిందాపదముగా నెంచబడుచున్నది. బాల్యమున ఆ మాట విని యేడ్చుచు నింటికి వచ్చితినని పెద్దమ్మ యిసుకలో గూర్చుండి చెప్పినది. దాని యర్థము మీ రాజ్యముపేరే యని యానాడెవ్వరును ఆమెకు జెప్పలేదు. మేము చెప్పినప్పుడు కొంతసేపు మాటాడక సముద్రమువైపు చూచి, పిదప ననెను: "అదా సంగతి! మా యమ్మకి తెలిసుంటే బాగుణ్ణు."

ఇక పాకవిధానము. పెద్దమ్మ చేతి కొలతలను మేము ప్రక్కన గూర్చుండి తూచి వ్రాసికొన్న వివర మిది.

ఎముక లేని కోడి మాంసము 1 కిలో. రొమ్ము భాగముకంటె తొడ భాగము మేలు, ఎండిపోదు. దానిని ముప్పాతిక అంగుళపు తునుకలుగా గోయవలెను. అన్నియు నొకే పరిమాణముననుండుట ముఖ్యము; లేనిచో నొకటి మాడునప్పటి కొకటి పచ్చిగా నుండును. వేయించిన ధనియములు 2 చెంచాలు, జీలకఱ్ఱ 1 చెంచా, పసుపు 1 చెంచా, చిన్న యుల్లిపాయలు 10, వెల్లుల్లి రేకలు 5, అల్లము అంగుళము ముక్క, నిమ్మగడ్డి మొదళ్లు 3, తాటిబెల్లము 3 చెంచాలు, చింతపండు గుజ్జు 1 చెంచా, తగినంత యుప్పు, నూనె 2 చెంచాలు: వీని నన్నిటిని మెత్తగా నూరవలెను. జావావారు అల్లముతోబాటు దుంపరాష్ట్రమును గూడ వేయుదురు. అది మన మూలికల దుకాణములలో దొరకును, లేకున్నను లోపము లేదు. ఈ ముద్దను తునుకలకు బట్టించి 4 గంటలు చల్లని చోట నుంచవలెను. ఫ్రిజ్జున్నవారు రాత్రి యంతయు నుంచిన మఱింత మంచిది. వేసవిలో బయట నుంచుట తగదు.

కొబ్బరి యీనెలను గాని, వెదురు పుల్లలను గాని ఒక గంట నీట నాననీయవలెను. లేనిచో నిప్పు తగిలి పుల్లయే కాలిపోవును. ఒక్కొక్క పుల్లకు నాలు గైదు తునుకలు చాలును. చేతబట్టుకొను వైపు జానెడు విడువవలెను. తునుకలను మఱీ వత్తుగా గ్రుచ్చినచో సెగ నడుమకు బోదు.

నిప్పునకు కొబ్బరి చిప్పల బొగ్గులు శ్రేష్ఠము. జావాలోను వానినే వాడుదురు. మా యెచ్చెర్ల ప్రాంతమున చిప్పలకు గొదువ లేదు. బొగ్గులు బాగుగా రాజుకొని, పైన తెల్లని బూడిద గప్పిన పిదపనే పుల్లల నుంచవలెను. పిల్లలు తొందరపడి తాటాకు విసనకఱ్ఱతో విసరి మంట లేపగా, పెద్దమ్మ మందలించినది: "మంట కాదర్రా, సెగ సూడాల. మంటకి పైన మాడిపోద్ది, లోపల పచ్చిగుంటాది." ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషములు కాల్చుచు, నడుమ నడుమ త్రిప్పుచు, నిమ్మగడ్డి కాడ కొనను నలుగగొట్టి కుంచెగా జేసి, నూనెయు, కరగిన బెల్లమును గలిపి పూయవలెను. బెల్లము త్వరగా మాడును గావున ముందుగా బూయరాదు. సగము కాలిన పిదప బూయవలెను. నడుమ తునుకను చీల్చి చూచినచో లోపల నెఱుపు గాని, ఎఱ్ఱని నీరు గాని యుండరాదు. పచ్చి మాంసము నానిన ముద్దను మరల కాల్చినదానిపై బూయుట కీడు.

ముంచుకొను రసమునకు: వేరుసెనగ గింజలు 250 గ్రాములు దోరగా వేయించి, పొట్టు తీసి, బరకగా దంచవలెను. పిండియైనచో రుచి చెడును, పంటికి దగులవలెను. ఎండుమిరపకాయలు 10 నానబెట్టి, చిన్న యుల్లిపాయలు 8, వెల్లుల్లి 3 రేకలు, నిమ్మగడ్డి మొదళ్లు 2 చేర్చి నూరి, అరగిన్నె నూనెలో సన్నని సెగను వేయింపవలెను. పచ్చివాసన పోయి నూనె పైకి దేలువఱకు గరిటె విడువరాదు. పిదప రెండు గిన్నెల నీరు గాని, పలుచని కొబ్బరిపాలు గాని పోసి, వేరుసెనగ పలుకులు, చింతపండు గుజ్జు 2 చెంచాలు, బెల్లము 4 చెంచాలు, ఉప్పు వేసి చిక్కబడువఱకు ఉడికింపవలెను. మన వేరుసెనగ పచ్చడికిని దీనికిని భేద మేమన, మన పచ్చడి నూరుటతో ముగియును. ఇది యుడుకుటతో ముగియును. ఉడికినందువలననే యా ఘాటుతనము పోయి, తీపి, పులుపు, కారము మూడును గలిసి యొక్కటియగును.

ఇందు ప్రాణమునకు సంబంధించిన మాటలు రెండు గలవు. బూజు పట్టినవియు, ముడుతలు పడి రంగు మాఱినవియు నగు వేరుసెనగలను నిర్దాక్షిణ్యముగా బాఱవేయవలెను. వానిలో నుద్భవించు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెఱచును. వేయించినను, ఉడికించినను నది పూర్తిగా నశింపదు. రెండవది, కొందఱి శరీరమునకు వేరుసెనగ బొత్తిగా సరిపడదు. తిన్నంతనే దద్దురులు, పెదవుల వాపు, ఊపిరి యాడకపోవుటయు సంభవింపవచ్చును. అతిథుల కిడుటకు ముం దడుగుట గృహిణి ధర్మము.

జావావారు దీనితోబాటు కొబ్బరాకు బుట్టలలోనో, అరటియాకులోనో చుట్టి యుడికించిన యన్నపు ముద్దలను, దోసకాయ ముక్కలను, పచ్చి యుల్లిపాయలను దిందురు. పనసాకు బుట్టలలో మనము వండు పొట్టిక్కలు దీనికి సరిజోడు. మాంసము ముట్టని యిండ్లవారు లేత పనసకాయ ముక్కలను సగ ముడికించి గాని, కందను గాని, పుట్టగొడుగులను గాని యిదే ముద్ద పట్టించి కాల్పవచ్చును. రసము మాత్ర మట్లే. వంజరము చేపతో బలివారి విధమును గూడ నానాడు పెద్దమ్మ చేసి చూపినది. జాలరి పల్లెనుండి యప్పుడే తెచ్చిన చేప యగుటచే సంబారము సగమే చాలినది.

పొయ్యి చల్లారుచుండగా పెద్దమ్మ మనుమని చరవాణి మ్రోగెను. మలేషియానుండి, ఆమె యక్క కూతురి కూతురు. అక్కగారు మూడేండ్ల క్రిందట కాలధర్మము నొందిరి. బ్రతికియున్నన్నాళ్లును అక్కచెల్లెండ్రు తెలుగున నుత్తరములు వ్రాసికొనిరి. కన్నులు చెడిన పిదప నవియు నిలిచినవి. ఆ యింట నిప్పుడు తెలుగు చదువగలవారు లేరు. పిల్ల కొంత తెలుగు, కొంత మలయు కలిపి మాటాడును. పెద్దమ్మ మలయు మాటలను సగము మఱచినది. ఇద్దఱును దెరలో మొగములు చూచుకొని నవ్వుటయే మాటకంటె నెక్కువ.

ఆ పిల్ల యడిగినది సాతేను గూర్చి గాదు. "చిన్నమ్మమ్మా, అమ్మమ్మ చేపల పులుసు ఎట్లా చేసేది? మాకు రావడం లేదు" అని. అచ్చట సాతే వీథివీథిని దొరకును. దొరకనిది మెంతులు వేసిన యీ సీమ చేపల పులుసు. ఇచ్చట పులుసు ప్రతి యింట గలదు, లేనిది సాతే. అక్క యింట మిగిలినది తల్లినాటి సాతే, పులుసు పోయినది. చెల్లె లఱువది యేండ్లకు పైగా సాతేను గాపాడుకొన్నది, తల్లి చేతివంటలలో అదియే తనకు దక్కినదని. పెద్దమ్మ కన్నుల నీరు పెట్టుకొనలేదు. నడుము సవరించుకొని, మెంతు లెప్పుడు వేయవలెనో, చేప ముక్క లెప్పుడు దింపవలెనో, పులుసును గరిటెతో కలియబెట్టక గిన్నెనే పట్టి త్రిప్పవలెనో యన్నియు జెప్పసాగినది. ముగించిన పిదప తానొక సందేహ మడిగినది: జావావారి రసమున నిమ్మగడ్డిని ముందు వేయుదురా, కడపట వేయుదురా యని. పిల్ల పొరుగింటి కేగి కనుగొని వచ్చి, ముందే యని చెప్పినది. "మా యమ్మ సరిగ్గానే సేసిందన్నమాట" యని పెద్దమ్మ సంతోషించినది.

ఆ రాత్రియే పులుసు విధమును మేము తెలుగున వ్రాసితిమి. పిల్లకు చదువుట రాదు గావున మా కుమార్తె దానినే యాంగ్లాక్షరములతో వ్రాసి పంపినది. వారము తిరుగకముందే యచ్చటినుండి ఛాయాచిత్ర మొకటి వచ్చినది: మట్టిమూకుడున ఎఱ్ఱని పులుసు, ప్రక్కన నలుగురు పిల్లలు. రుచి యెట్లున్నదో చిత్రమున దెలియదు గదా. కాని మూకుడు సగము ఖాళీయై యున్నది. అది చాలునని పెద్దమ్మ యనెను.

సోదరీమణులారా! మన సీమనుండి నేటికిని యువకులు దూరదేశములకు బోవుచునే యున్నారు. జాలరులు గుజరాతు రేవులకు, చదువుకొన్నవారు సముద్రముల కావలికి. వారికి మనము పచ్చళ్ల జాడీలు కట్టి యిత్తుము. జాడీ నెల దినములలో ఖాళీయగును. మీ యింటి వృద్ధురాండ్రు కన్నుదూపుతో వేయు ఉప్పును, చేతిపట్టుతో వేయు చింతపండును, ఒక దినము ప్రక్కన గూర్చుండి తూచి, వ్రాసి, పోవువారి చేతి కిండు. అట్లే పొరుగుదేశమునుండి వచ్చిన వంట మీ యింట నుండినచో, అది మనది గాదని త్రోసివేయకుడు. దాని నేర్పినవారి పేరు చెప్పి పిల్లలకు వడ్డింపుడు. ఎచ్చెర్ల మీదుగా ప్రయాణము చేయువా రెవరైనను కళింగపట్టణపు తీరమున నొక సాయంకాలము గడిపి పొండని మా మనవి. కొబ్బరి యీనెలు, చిప్పల బొగ్గులు అచ్చటనే దొరకును. నిమ్మగడ్డిని మాత్రము ఇంటినుండి తెచ్చుకొనవలెను.